చెవికి అందిన చెయ్యి

మా జిల్లాలో బేస్‌బాల్ ఆట తెలిసినవాళ్లందరినీ ఒకే ఆటోలో ఎక్కించవచ్చు. డ్రైవరు పక్కన ఇంకో ఇద్దరికి చోటు మిగులుతుంది కూడా. అలాంటి ఆటను పిల్లలకు నేర్పుతూ సర్వీసు సగం గడిపి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. సన్మాన సభలో మెడ వంగిపోయేన్ని శాలువాలు కప్పి, ఎందరో క్రీడాకారులను తీర్చిదిద్దానని మైకులో పొగిడారు. ఎందరిని తీర్చిదిద్దానో నాకు గుర్తులేదు. చేతులారా పాడుచేసిన ఒక పిల్ల మొహం మాత్రం గుర్తుంది.

కొత్తగా పీఈటీలుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "సార్, మీ పాయింట్ల పట్టిక గురించి చెప్పండి" అని అడుగుతారు. ఆ పట్టిక గురించి చెబుతాను. దాని వెనక జరిగింది కూడా చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను, వాళ్లు ఎదురుగా కూర్చునేసరికి నోరు పెగలదు. అందుకే ఇలా రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు, మధ్యలో ఆపకండి.

నేను ఖమ్మంలో పుట్టాను. మా అబ్బాది త్రాసులు బాగుచేసే దుకాణం. చిన్నప్పుడు బడి నుంచి రాగానే అక్కడే కూర్చునేవాణ్ని. ఊళ్లోని దుకాణదారులు కాంటాలు తెచ్చి, "ఇది తప్పు చూపిస్తుంది భాయ్" అని ఫిర్యాదు చేసేవారు. అబ్బా పళ్లేన్ని తిరగేసి, అడుగున వేలితో తడిమి, అక్కడ అంటించి ఉన్న చింతపండు ముద్దను గీకి తీసేవాడు. తర్వాత నా వైపు తిరిగి, "కాంటా ఎన్నడూ ఝూట్ చెప్పదు బేటా. పళ్లెం కింద చింతపండు పెట్టినోడు చెప్తడు" అనేవాడు. ఈ మాటలో మొదటి సగాన్ని నేను జీవితమంతా మోశాను. రెండో సగం వినబడనట్టే ఉండిపోయాను.

ఉద్యోగం భద్రాచలం అవతల, అడవి అంచున ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో వచ్చింది. పీఈటీ అంటే ఆటలు ఒక్కటే కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బియ్యం బస్తాలు దింపించడం, జ్వరమొచ్చిన పిల్లల్ని దవాఖానాకు తీసుకుపోవడం, జెండా పండగకు డ్రిల్లు, జూన్‌లో బడిబాట, అన్నీ మన నెత్తినే. ఆ ఏడాది రెండో తరగతిలో పిల్లలు తక్కువయ్యారు. సంఖ్య నిండకపోతే ఒక టీచరు పోస్టు పోతుందని హెడ్మాస్టరు గారికి నిద్ర పట్టడం లేదు. "ఎట్లనో ఒకట్ల ఇద్దరిని తీస్కరా వయ్యా" అని నన్ను పంపారు.

నాతోపాటు మా బడి వాచ్‌మెన్ వచ్చాడు. ఆయన కోయ పెద్దమనిషి. నాకు కోయ మాట రాదు, ఆయన లేకుండా ఏ గూడేనికీ పోలేను. పిల్లలు ఆయన్ని తాత అనేవాళ్లు, నేను పెద్దయ్య అనేవాణ్ని. వాగు దాటి నాలుగు కిలోమీటర్లు నడిచి ఒక గూడేనికి చేరాం. అక్కడ పుట్టిన కాయితాలు అడిగితే జనం నవ్వారు. కాయితం లేని చోట మా అందరికీ తెలిసిన కొలత ఒకటుంది. పిల్లను నిలబెట్టి, కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవిని పట్టుకోమంటాం. అందితే ఐదేళ్లు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడాది చూద్దాం అంటాం. తాతల నాటి కొలత. నన్నూ మా అబ్బా అలాగే బడిలో వేశాడు.

గుడిసె గుమ్మంలో ఒక పిల్ల జొన్నరొట్టె నములుతూ నిలబడి ఉంది. చెవి పట్టుకోమన్నాను. చెయ్యి చెవిని అందుకోవడమే కాదు, దాన్ని దాటి దవడ దాకా వచ్చింది. నాకు నవ్వొచ్చింది, సంబరం కూడా వేసింది. ఐదేమిటి, ఏడేళ్లుంటాయి అనుకున్నాను.

పెద్దయ్య అడ్డుపడ్డాడు. "గంత ఉండయి సారూ. మొన్న మొన్నటి దాక తల్లి సంకల ఉన్నది."

"చెయ్యి చూడు పెద్దయ్యా, దవడ దాక వచ్చింది. చెయ్యి అబద్ధం చెప్తదా?"

"పిల్ల పెద్దది గాదు సారూ," అన్నాడాయన. "చెయ్యి పొడుగు."

నేను వినిపించుకోలేదు. ఏడేళ్లని రాసుకుని నేరుగా రెండో తరగతిలో వేశాను. పుట్టినరోజు గడిలో అలవాటు ప్రకారం బడి తెరిచిన తేదీనే వేశాను. మా రిజిస్టరు చూస్తే అడవిలో పిల్లలంతా ఒకే రోజు పుడతారని అనుకుంటారు. మా పోస్టు నిలబడింది, హెడ్మాస్టరు గారు ఆ రోజు నాకు ఛాయ్ తాగించారు.

ఆ తర్వాత రెండేళ్లకు జిల్లా ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. తెరిస్తే తోలు గ్లవ్సులు, బ్యాట్లు, గట్టి బంతులు. కాగితం మీద బేస్‌బాల్ కిట్ అని ఉంది. ఎవరు పంపారో, ఎందుకు పంపారో తెలియదు. పిల్లలు గ్లవ్సు కుడిచేతికి తొడుక్కున్నారు. విసిరే చెయ్యికే కదా దెబ్బ తగిలేది అని వాళ్ల వాదన. నాకూ అది సబబుగానే తోచి వారం రోజులు అలాగే ఆడించాను. యూరియా సంచుల్లో ఇసుక నింపి మైదానంలో నాలుగు మూలలా పెట్టి, వాటినే మెట్లు అన్నాం. ఒకరు విసరాలి, ఒకరు కొట్టాలి, కొట్టి పరుగెత్తి మెట్లన్నీ చుట్టి రావాలి. ఆటంతా ఇంతే. పోటీ తక్కువున్న ఆటలో సర్టిఫికెట్టు తొందరగా వస్తుంది, సర్టిఫికెట్టుంటే ఈ పిల్లలకు ఎక్కడో ఒక సీటు దొరుకుతుంది. నా ఆశ ఇంతవరకే.

అయితే సెలక్షన్లకు పిల్లల్ని తీసుకుపోయినప్పుడల్లా కడుపు మండేది. హైదరాబాద్ నుంచి ఒక సీనియర్ కోచ్ గారు వచ్చేవారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీలోంచి లేవకుండానే పిల్లలను ఒక్కసారి కలియజూసి, "మాస్టారూ, మీ వాళ్లు గాలొస్తే ఎగిరిపోయేట్టున్నారండీ" అనేవారు. పొడుగ్గా, నునుపుగా ఉన్నవాళ్లను పక్కకు పిలిచేవారు. ఆయన ఫోను మోగాక ఇంకో ఇద్దరు పక్కకు వెళ్లేవారు. కారణం అడిగితే తన కన్ను చూపించి, "ముప్పై ఏళ్ల అనుభవం మాస్టారూ, చూడగానే తెలిసిపోతుంది" అనేవారు. చూపుకు లెక్కాపత్రం ఉండదు. ఎవరైనా ఎదురు ఎలా అడుగుతారు?

ఒకసారి హైదరాబాద్ ట్రైనింగులో లాప్‌టాప్ పట్టుకొచ్చిన ఒక యువకుడు, అమెరికాలో డబ్బులేని జట్లు ఆటగాళ్లను కంటితో కాక అంకెలతో ఎంచుకుని పెద్ద జట్లను ఓడించిన సంగతి చెప్పాడు. బంతిని ఎంత దూరం బాదాడన్నది కాదు, ఎన్నిసార్లు మెట్టు చేరాడన్నది చూడండి అన్నాడు. విసిరేవాడు తప్పు బంతులు నాలుగు వేస్తే, బ్యాటు పట్టినవాడు కొట్టకుండానే మొదటి మెట్టుకు నడిచిపోవచ్చు. ఓపిక పట్టి నిలబడటం కూడా ఆటేనన్నమాట. మిగతా పీఈటీలు భోజనం ఎప్పుడని గడియారాలు చూసుకుంటున్నారు. నాకు మాత్రం అబ్బా దుకాణం, అక్కడి కాంటా కళ్ల ముందు నిలిచాయి.

తిరిగొచ్చిన మర్నాడే ఒక లాంగ్ నోటుబుక్కు కొన్నాను. ప్రతి ఆట, ప్రతి పిల్ల, ప్రతి బంతీ రాశాను. ఏడాది తిరిగేసరికి నా పుస్తకం ఒక విచిత్రం చెప్పింది. జట్టులో ఎవరి లెక్కలోనూ లేని ఒక బక్క కుర్రాడు అందరికంటే ఎక్కువసార్లు మెట్టు చేరాడు. సెలక్షన్లో కోచ్ గారు వాడిని చూసి నవ్వారు. నేను నోటుబుక్కు తీసి కమిటీ ముందు పెట్టి పేజీ పేజీ చదివాను. ఆఖరికి వాడిని తీసుకున్నారు. వాడు రాష్ట్ర జట్టులో ఆడి, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకుని, మొదటి జీతంతో నాకో చేతి గడియారం తెచ్చాడు. అది ఇప్పటికీ పెట్టుకుంటాను.

నాకు గర్వం తలకెక్కింది. నోటుబుక్కు పట్టిక అయింది. పరుగు, విసురు, గురి, మెట్టు చేరిన లెక్క, ఒక్కోదానికి ఇన్ని పాయింట్లు. అందులో వయసు గడి నా సొంత ఆలోచన. అంతకుముందు పద్నాలుగు నిండబోతున్న పెద్ద పిల్లలు పదకొండేళ్ల వాళ్లను తోసేసి సీట్లు ఎగరేసుకుపోయేవారు. అందుకని వయసు తక్కువైతే ఏడాదికి ఐదు పాయింట్లు కలిపేట్టు పెట్టాను. న్యాయం కోసమే పెట్టాను, ఒట్టు. పట్టిక అందరికీ నచ్చింది, జిల్లాలో దాన్నే ఖాయం చేశారు. నన్ను కమిటీలో వేశారు. ఇక ఫోన్లు మోగినా ఫలితం మారదని ఊరూరా చెప్పుకుని తిరిగాను.

ఇప్పుడు ఆ పిల్ల దగ్గరికి వస్తాను. ఆరో తరగతిలో ఉండగా దాన్ని నాకు చూపించింది పెద్దయ్యే. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో సెలవు పెట్టి తన చేనుకు పోయిన మనిషి, తిరిగొచ్చి నేరుగా మైదానానికి వచ్చాడు. "సారూ, ఆ పొడుగుచేతుల పిల్ల మంచె మీద నిలవడి వడిసెలతోటి చిలకల్ని కొడుతుంది. చిలక మీద పడుతలేదు రాయి, చిలక ముందు పడుతుంది. ఎగిరి ఎటు వోతదో దానికి ఎర్కే" అన్నాడు.

మర్నాడు బంతి ఇచ్చి విసరమన్నాను. విసిరింది. పట్టుకున్న పిల్లవాడు గ్లవ్సు తీసేసి చెయ్యి విదిలించుకున్నాడు. నేను దూరం కొలిచి రాసుకుంటుంటే పెద్దయ్య నా భుజం తట్టాడు.

"చెయ్యి జూడకు సారూ. రాయి ఇడ్సినంక కాలు యాడ పడ్డదో జూడు. కాలు తడబడితే ఆ చెయ్యి ఎక్కువ దినాలు ఉండది. దీని కాలు జూడు, నాటేసినట్టు పడ్డది."

"కాలు పడ్డ చోటు ఏ గడిలో రాయాలె పెద్దయ్యా?" అని వేళాకోళమాడాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. నాకు ఉద్యోగంలో దక్కిన స్నేహితుడు ఆయన ఒక్కడే. సాయంత్రాలు ఇద్దరం ఇసుక సంచుల మీద కూర్చునేవాళ్లం. నేను పుస్తకం చదివేవాణ్ని, ఆయన కాళ్లు చూసేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఇద్దరం ఒకే పిల్లను చెప్పేవాళ్లం. మిగతా రెండుసార్లు ఎవరు గెలిచారో నేను పుస్తకంలో రాయలేదు.

ఆ పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది హైదరాబాద్‌లోని ఒక క్రీడా అకాడమీ మా జిల్లా నుంచి పద్నాలుగేళ్ల లోపు అమ్మాయిని ఒక్కదాన్ని, బంతి విసిరేదాన్ని తీసుకుంటామంది. తిండి, బట్ట, డిగ్రీ దాకా చదువు, ఆట, అన్నీ వాళ్లవే. రిజిస్టరు ప్రకారం మా పిల్లకు పదమూడు నిండాయి. అంటే అదే దాని చివరి అవకాశం. మరుసటి ఏడాదికి వయసు దాటిపోతుంది.

సెలక్షన్ కొత్తగూడెంలో ఒక కాలేజీ మైదానంలో. పెద్దయ్య కూడా తన ఖర్చులతో బస్సెక్కాడు. మధ్యాహ్నానికి వడపోతలో అందరూ పోయి ఇద్దరు మిగిలారు. ఒకతె మా పిల్ల. రెండోది టౌను బడిలో చదివే అమ్మాయి, ఆస్పత్రిలో పుట్టింది, పుట్టిన కాయితానికి లామినేషన్ చేయించి తెచ్చుకుంది, పన్నెండు నిండలేదు. మంచి ఆటగత్తె. ఆ పిల్ల తప్పేమీ లేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. విసురులోనూ గురిలోనూ మా పిల్లది పైచేయి. వయసు పాయింట్లు కలిశాక రెండో అమ్మాయి నాలుగు పాయింట్లు ముందుకెళ్లింది.

అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. నల్లద్దాల కోచ్ గారు కుర్చీలోంచి లేచి మా పిల్ల దగ్గరికి నడిచి వెళ్లారు. ఇంకో ఐదు బంతులు వేయించారు. తిరిగొచ్చి అద్దాలు తీసి, "మాస్టారూ, ఈ అమ్మాయిని తీసుకెళదామండీ. ముప్పై ఏళ్లలో ఇలాంటి చెయ్యి చూడలేదు నేను" అన్నారు.

నాకు సంతోషం కలగాలి కదా? కోపం వచ్చింది. ఇన్నేళ్లు నా పిల్లలను గాలికి ఎగిరిపోతారని వెక్కిరించిన మనిషి, ఇవాళ నా పిల్ల కోసమే నా పట్టికను పక్కన పెట్టమంటున్నాడు. ఒప్పుకుంటే రేపు ఇంకెవరి పిల్ల కోసమో అడుగుతాడు. "లెక్క లెక్కే సార్. మా బడి పిల్ల అయినా సరే, చూపుతో తీసుకునేది లేదు" అన్నాను. కమిటీలో మిగతావాళ్లు నా నిజాయితీకి తలలూపారు. ఆ తలలూపడం నాకెంత హాయిగా ఉండిందో చెప్పడానికి సిగ్గేస్తుంది.

సంతకాలకు ముందు టీ కోసం ఆగాం. ఆ పిల్ల గ్యాలరీ పక్కన పెద్దయ్య దగ్గరికి పరుగెత్తుకొచ్చి అరచెయ్యి తెరిచింది. పెదవి మీద నెత్తురు. "తాతా, పన్ను ఊడింది."

"ఇంటి కప్పు మీద ఎయ్యాలె బిడ్డా, అప్పుడే మంచి పన్నొస్తది" అన్నాడు పెద్దయ్య.

ఇల్లు అక్కడెక్కడుంది? అది చుట్టూ చూసి, కుళాయి కింద తడిమట్టి తీసి పన్ను చుట్టూ ముద్ద చేసింది. రెండడుగులు వెనక్కి వేసి గ్యాలరీ రేకుల మీదికి విసిరింది. మట్టిముద్ద రేకుల మీద పడలేదు. ఎత్తున కప్పు దాటి అవతలికి పోయింది. "కప్పు మీద పడాలంటే దాటిచ్చినవేందే!" అని పెద్దయ్య పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దాని కాలు నాటేసినట్టు నేల మీద ఉంది.

కోచ్ గారు ఒక్కరే నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, నా వైపు తిరిగి అడిగారు. "ఏమండీ మాస్టారూ, పద్నాలుగో ఏట పడ్డ పిల్లకు ఇంకా పాలపళ్లు ఊడుతున్నాయా?"

ఆ గూడెం, ఆ గుమ్మం, చెవిని దాటి దవడ దాకా వచ్చిన చెయ్యి, అన్నీ ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగాయి. అప్పుడు దానికి ఏడేళ్లు లేవు. ఐదుంటాయేమో. చెయ్యి పొడుగు, అంతే. రెండేళ్లు నేను కలిపాను. ఆ రెండేళ్లకు పది పాయింట్లు. నాలుగు తక్కువైన పిల్ల నిజానికి ఆరు ఎక్కువలో ఉంది. ఏ చెయ్యి బంతిని అంత దూరం పంపుతుందో, ఆ చెయ్యే దాని వయసు పెంచి కూర్చుంది. లెక్క చెప్పడానికి నాకు పలకా బలపం అక్కర్లేదు, ఆ పట్టిక నాదే.

పెద్దయ్య నన్నే చూస్తున్నాడు.

నేను ఒక్క మాట అంటే చాలు. "సార్, ఆ తేదీ నేనే అంచనాగా రాశాను, దవాఖానాలో వయసు పరీక్ష చేయిద్దాం" అంటే చాలు, ఎంపిక వారం వాయిదా పడేది. కానీ అలా అంటే నేను రాసిన తేదీలన్నీ లేస్తాయి. నా పట్టికతో సీట్లు తెచ్చుకున్న పిల్లల వయసులన్నీ బోగస్ అంటారు, వాళ్ల సర్టిఫికెట్లకే ఎసరొస్తుంది. వాళ్ల కోసమే నోరు మూసుకున్నానని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. తలలూపిన ఆ కమిటీ ముందు, ఆ నల్లద్దాల మనిషి ముందు, తప్పు నాదని చెప్పడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

"కొందరికి ఆలస్యంగా ఊడతాయి సార్," అన్నాను.

కోచ్ గారు అద్దాలు పెట్టుకుని, సంతకం చేశారు. నేనూ చేశాను.

బస్టాండుకు నడుస్తుంటే ఆ పిల్ల నా పక్కకు వచ్చింది. "సార్, నేను మంచిగ ఇసర్లేదా?"

"మంచిగనే ఇసిరినవ్ బిడ్డా. పాయింట్లు తక్కువొచ్చినయ్."

"ఏం పాయింట్లు సార్?"

"వయసుయి."

అది కొంచెం ఆలోచించి, "వయసును నేనేం జేసిన సార్?" అంది. ఏడవలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఊడిన పన్ను సందులో నాలుక పెట్టుకుని జవాబు కోసం నా మొహం చూసింది. బస్సొచ్చిందని నేను గబగబా ఎక్కాను.

పెద్దయ్య దాని పక్కన కూర్చున్నాడు. దిగేటప్పుడు ఫుట్‌బోర్డు దగ్గర ఆగి, "నీ లెక్క మంచిదే సారూ, నేను కాదన్ల. లెక్కకే నువ్వు అబద్ధం చెప్పినవ్" అన్నాడు. మర్నాడు ఆయన దగ్గరుండే కిట్టు గది తాళంచెవి నా టేబుల్ మీద ఉంది. ఆయన రిటైరై వెళ్లేదాకా ఇంకో మూడేళ్లు అదే బడి గేటు దగ్గర కూర్చున్నాడు. నమస్తే పెడితే నమస్తే పెట్టేవాడు. మైదానం వైపు మాత్రం మళ్లీ రాలేదు. ఆయన చనిపోయిన కబురు కూడా నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక అర్జీ రాశాను, అది కూడా చెప్పాలి. "ఫలానా విద్యార్థిని పుట్టినతేదీ నేను అంచనాగా నమోదు చేసినది" అని నా చేతిరాతతో, సంతకంతో సహా. పై ఆఫీసుకు పోయేటప్పుడు ఇద్దామనుకున్నాను. ఇవాళ కాదు రేపు, పరీక్షలయ్యాక, సెలవులయ్యాక. రిటైరైన రోజు బీరువా ఖాళీ చేస్తుంటే పాత హాజరుపట్టీల మధ్య దొరికింది. మడత కూడా నలగలేదు.

వయసు దాటిందని మరుసటి ఏడు ఆ పిల్లను సెలక్షన్‌కు రానివ్వలేదు. పదో తరగతి దాకా వచ్చింది. ఆ ఏడు మిర్చి ఏరే కాలంలో తల్లితో కలిసి తిరుమలాయపాలెం వైపు కూలికి పోయింది, హాస్టలుకు తిరిగి రాలేదు. ఒకసారి దావత్‌కు పోతుంటే ఆ దారిలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మీద కనబడింది. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఎత్తింది. అంతమందిలో దాని చెయ్యే అందరికంటే పైన కనిపించింది. నేను స్కూటరు ఆపలేదు.

మొన్న జూన్‌లో మా పాత బడికి కొత్తగా వచ్చిన పీఈటీ కొత్తగూడెంలో మా ఇంటికొచ్చాడు. చురుకైనవాడు, నా పట్టికను ఫోన్లో ఎక్కించుకున్నాడు. "సార్, బడిబాటకు మీరూ రండి, మీరుంటే జనం నమ్ముతారు" అన్నాడు. కాదనలేక వెళ్లాను. ఇప్పుడు వాగు మీద బ్రిడ్జి ఉంది, గూడెం దాకా సిమెంటు రోడ్డుంది. కుర్రపీఈటీ ఫోనులో ఫారం తెరిచి ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఒక ఇంటి ముందు చిన్నపిల్ల ఆడుకుంటుంటే నిలబెట్టి, "చెయ్యి తల మీంచి ఏసి చెవి పట్టుకో చూద్దాం" అన్నాడు. ఈ కొలత నేను నేర్పింది కాదు. ఎవరూ నేర్పక్కర్లేదు, అది ఉద్యోగంతోపాటే వస్తుంది.

పిల్ల చెయ్యి ఎత్తింది. లోపలి నుంచి దాని తల్లి గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఆమెను నేను చూడగానే గుర్తుపట్టాను. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది.

"వద్దు సార్, చెయ్యి పెట్టియ్యకున్రి," అంది కుర్రపీఈటీతో. లోపలికి పోయి, ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాయితం తెచ్చింది. భద్రాచలం దవాఖానాలో ఇచ్చిన పుట్టిన కాయితం. దాన్ని అతనికి ఇవ్వలేదు. నా చేతిలో పెట్టింది.

"మీరే సదువున్రి సార్," అంది. "తాత చెప్పిండు నాకు, అంతా. పొయ్యే ముందు చెప్పిండు."

ఆమె గొంతులో కోపం ఉంటే తట్టుకునేవాణ్నేమో. కోపం లేదు. పిల్లను తన కాళ్లకు ఆనించుకుని, దాని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. నేను కాయితం విప్పాను. తేదీ, నెల, సంవత్సరం పైకి చదివాను. కుర్రపీఈటీ ఒక్కో అంకె ఫోన్లో కొట్టుకున్నాడు. నాలుగేళ్ల ఎనిమిది నెలలు. "ఈ ఏడాదికి అంగన్వాడీనే అమ్మా, వచ్చే ఏడు ఒకటో తరగతిలో వేద్దాం" అన్నాడు.

"అవ్ సార్, వచ్చే ఏడే తోల్త. తొందరేం లేదు," అంది. తర్వాత నా చేతిలోని కాయితం తీసుకుని, మడత మీద మడత సరిగ్గా పెడుతూ, నా మొహం చూడకుండా అంది.

"దీనికి గూడ చెయ్యి పొడుగే సార్."